రోజుకు ముప్పై రూపాయలతో ఐదు రోజులు

"ఏడాదిలో నెల రోజులు రోజా ఉండేవాళ్ళం. మళ్ళీ ఈ ఐదు రోజుల పస్తు ఎందుకు టీచర్ గారూ?"

సెప్టెంబరు మొదటి వారంలో మన సొసైటీ సమావేశంలో ఒక పెద్దాయన ఈ మాట అడిగారు. నవ్వుతూనే అడిగారు గానీ, తోసిపుచ్చే ప్రశ్న కాదది. ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఐదు రోజులు గడిచాక, లెక్కలన్నీ రాసుకున్నాక ఇప్పుడు చెప్పగలను అనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. వచ్చే ఏడు మనలో మరికొందరు చేయాలనుకుంటే వారికి పనికొస్తుందని కూడా.

ముందుగా, ఇది పస్తు కాదు. ఉపవాసం అంతకన్నా కాదు. మూడు పూటలా తింటాం. అయితే ఒక మనిషి ఒక రోజు తిండి మొత్తం ఒక చిన్న మొత్తంలో ముగియాలి. మామూలుగా మన తిండికి అయ్యే ఖర్చులో అలా మిగిలినది పేద పిల్లల కోసం పక్కన పెడతాం. మనం చేస్తున్న సంగతి తెలిసి బంధువులు, స్నేహితులు "నీవు ఐదు రోజులు నిలబడితే నేను ఇంత ఇస్తాను" అని వేసేది దానికి కలుస్తుంది. ఉన్నది ఇంతే.

రోజాకూ దీనికీ ఉన్న తేడా నాకు మొదటి రోజే కిరాణా కొట్టు దగ్గర తెలిసింది. రోజాలో మనకు తెలిసేది గంటల ఆకలి. సూర్యాస్తమయానికి ఖర్జూరం, పండ్లు, గంజి మనకోసం ఎదురు చూస్తుంటాయని తెలుసు. నిజం ఒప్పుకోవాలంటే రంజాన్ నెలలో మా ఇంట్లో తిండి ఖర్చు తగ్గదు, పెరుగుతుంది. మీ ఇళ్ళలోనూ అంతేనేమో చూసుకోండి. రోజా విలువ వేరు, దాని లెక్క అల్లాహ్‌తో. నేను చెప్పేది మాత్రం కొట్టు దగ్గరి ఆకలి గురించి. చేతిలో డబ్బు ఉండి, ఎదురుగా సరుకు ఉండి, ఏది తీసుకుంటే ఏది వదిలేయాలో తేల్చుకోలేక నిలబడే ఆకలి అది. రంజాన్ నాకు దాన్ని నేర్పలేదు.

ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. 2010లో ఆస్ట్రేలియాలో 'లివ్ బిలో ద లైన్' అనే పేరుతో మొదలై తర్వాత బ్రిటన్‌కూ అమెరికాకూ పాకింది. ఐదు రోజులు, ఆస్ట్రేలియాలో రోజుకు రెండు డాలర్లు, బ్రిటన్‌లో ఒక పౌండు, అమెరికాలో డాలరున్నర. అలా పోగైన డబ్బు పిల్లల కోసం, పేదరికం మీద పనిచేసే సంస్థలకు వెళ్ళేది. వాళ్ళ నిబంధనలు గట్టివి. ఇంట్లో ఉన్న ఉప్పు చిటికెడు వాడినా దాని ధర లెక్కలో రాయాలి. ఎవరైనా పిలిచి పెడితే తినకూడదు. పెరట్లో కాసిన వాటికీ ఖరీదు కట్టాలి. నలుగురు కలిసి డబ్బు కలుపుకుని వండుకోవచ్చు.

మన దేశానికీ ఇది కొత్తేమీ కాదు. 1965లో తిండి గింజలకు కటకటగా ఉన్నప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు సోమవారం రాత్రి పూట భోజనం మానమని కోరితే, ఎన్నో ఇళ్ళలో ఆ పూట పొయ్యి వెలిగేది కాదు. మిజోరంలో 1910 నుంచి క్రైస్తవ స్త్రీలు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తూ వచ్చారు. బీహారు, బెంగాలు వైపు మదరసాలు నడవడానికి ముస్లిం ఇళ్ళలో ఇదే పిడికెడు బియ్యం పద్ధతి ఉంది. మనవైపు పాతకాలపు ఇల్లాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి పక్కన పెట్టడం నేను చిన్నప్పుడు చూశాను. అప్పట్లో అది ఫకీరు కోసమో, ఇంటి ముందుకొచ్చే ముసలమ్మ కోసమో. మన కుండలోది కొంచెం తగ్గించి ఇవ్వడం అనే ఆలోచన ఒక్కటే. పరాయి దేశాల వాళ్ళు దానికి నిబంధనలు, రశీదులు చేర్చారు.

మరి మనం ఎంత డబ్బు పెట్టుకోవాలి? ఈ ఒక్క విషయం మీద సమావేశంలో గంటకు పైగా మాట్లాడుకున్నాం.

పేదరికపు రేఖ అని ప్రభుత్వం చెప్పే అంకె ఒకటి ఉంది. 2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో పట్టణంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు అని చెప్పింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. అప్పుడే తుషార్ వశిష్ఠ్, మాట్ చెరియన్ అనే ఇద్దరు యువకులు, విదేశాల్లో పెద్ద జీతాలు చూసి వచ్చినవారు, ఆ డబ్బుతో బతికి చూద్దామనుకున్నారు. మొదట బెంగళూరులో రోజుకు 100 రూపాయలతో, తర్వాత కేరళలో కొట్టాయం జిల్లా కరుకచాల్‌లో 26 రూపాయలతో. మిగతా ఖర్చులు పోగా తిండికి మిగిలింది 18 రూపాయలు. ఉప్పుడు బియ్యం, దుంపకూర, అరటిపండు, పాలు లేని టీ. ఎప్పుడూ తిండి గురించే ఆలోచన, కొంచెం నడిస్తేనే నీరసం అని చెప్పారు వాళ్ళు. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12కు మన రాష్ట్రంలో పల్లె మనిషికి కట్టిన గీత నెలకు 860 రూపాయలు, అంటే రోజుకు 29 కూడా లేదు. తిండి, బట్ట, మందు, బడి అన్నీ అందులోనే.

ఆ అంకెలు పాతబడ్డాయి. అందుకని నేను నాకు రోజూ కంటికి కనిపించే అంకె ఒకటి చెప్పాను, బడిలో మధ్యాహ్న భోజనానిది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో దేశమంతా బడుల్లో వండిన అన్నం పెట్టడం తప్పనిసరి అయింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి పెడుతున్నారు. ఇప్పుడు ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది. గోదావరి లంకల గన్నవరంలో వేళకాని వేళ తలుపు తట్టిన వారికి కూడా కులం, మతం అడగకుండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. ఈ పథకంలో వంట సరుకులకు కేంద్రం నిర్ణయించిన ధర 2025 మే నుంచి ప్రాథమిక తరగతుల పిల్లవాడికి పూటకు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 10 రూపాయల 17 పైసలు. బియ్యం వేరుగా వస్తాయి. మన రాష్ట్రంలో గుడ్డు, చిక్కీ కూడా వేరే.

పెద్ద పిల్లవాడి పూట పది రూపాయలు. మూడు పూటలకు ముప్పై. అదే మన అంకె అనుకున్నాం. బియ్యం సంగతి? రేషన్ కార్డు ఉన్న ఇంట్లో మనిషికి నెలకు 5 కిలోలు ఉచితం. మేమూ అంతే తీసుకోవాలి. పైన కావాలంటే ఆ ముప్పైలోంచే కొనుక్కోవాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి లెక్క చూడండి. 5 కిలోలను 30 రోజులకు పంచితే రోజుకు 167 గ్రాములు కూడా పూర్తిగా రావు. బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఒక్క పూటకు ఇవ్వాల్సిన బియ్యమే 150 గ్రాములు. రేషన్ బియ్యం వస్తున్నాయి కదా, ఇంకేం కష్టం అని మనం అంటుంటాం. నేనూ అన్నాను. ఆ బియ్యం ఒక పూటకు సరిపోతాయి, రెండో పూట మొదలు కొనుక్కోవాల్సిందే అని ఏళ్ళ తరబడి బడిలో కొలతలు చూస్తున్న నాకు కూడా తట్టలేదు.

సెప్టెంబరు 15 సోమవారం నుంచి 19 శుక్రవారం వరకు తొమ్మిది మందిమి మొదలుపెట్టాం. మా ఇంట్లో నేను, మా వారు. మా అత్తయ్యకు షుగరు, కాబట్టి ఆమె వంట వేరే. ప్రభుత్వ ఉద్యోగిని కనుక నాకు రేషన్ కార్డు లేదు. అందుకని ఇంట్లోని బియ్యంలోంచి ఇద్దరికి ఐదు రోజులకు సరిపడా కిలో ఆరు వందల అరవై గ్రాములు తూకం వేసి ఒక డబ్బాలో పోసుకున్నాను. చేతిలో 300 రూపాయలు.

ఆదివారం సాయంత్రం కొన్న సరుకు ఇది. బియ్యం 2 కిలోలు 92 రూపాయలు, కందిపప్పు అర కిలో 58, పామాయిల్ పావు లీటరు 35, ఉల్లిపాయలు అర కిలో 13, టమాటాలు అర కిలో 18, ఒక దోసకాయ 18, గుడ్లు నాలుగు 24, టీ పొడి 10, పంచదార పావు కిలో 12. ఉప్పు, కారం, పసుపు, చింతపండు, పోపు గింజలు ఇంట్లోవే వాడి 20 రూపాయలు రాసుకున్నాం. సరిగ్గా 300. పాలకు మిగల్లేదు. పాలు అర లీటరు 30 రూపాయలు, అంటే ఒక మనిషి ఒక రోజు తిండి మొత్తం.

కొట్టాయన నన్ను ఎరుగును కాబట్టి విషయం చెబితే నవ్వి, ఒక సంగతి చూపించారు. పది రూపాయల పప్పు పొట్లాలు, పది రూపాయల నూనె పొట్లాలు వరుసగా కట్టి పెట్టి ఉన్నాయి. రోజు కూలికి వెళ్ళొచ్చే ఇళ్ళవాళ్ళు సాయంత్రం అవే తీసుకెళతారట. ఒక పప్పు పొట్లం కాటాలో వేయమన్నాను. 75 గ్రాములు. కిలో లెక్కన చూస్తే నేను కొన్న దానికంటే 17 రూపాయలు ఎక్కువ పడింది. ఆయన మోసమేమీ లేదు, పొట్లం కట్టడానికి కవరు, మనిషి కావాలి. నేను 300 రూపాయలు ఒక్కసారే చేతిలో పెట్టుకుని వెళ్ళాను. రోజుకు అరవై చొప్పున ఐదు సాయంత్రాలు వెళ్ళి ఉంటే నా సంచిలో సరుకు ఇంకా తగ్గేది. వచ్చేసారి అలాగే చేయాలి, అప్పుడే అసలు లెక్క తెలుస్తుంది.

ఐదు రోజులూ ఎలా గడిచాయో రోజువారీగా చెప్పి విసిగించను. పొద్దున చద్దన్నం, ఉల్లిపాయ. మధ్యాహ్నం పప్పు. రాత్రి చారు, అన్నం. టీ రెండుసార్లు, పాలు లేకుండా. కడుపు ఖాళీగా లేదు. ఇది ముఖ్యంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఆకలితో అలమటిస్తాననుకున్నాను. అలా జరగలేదు. రెండో రోజు మధ్యాహ్నం నాలుగో పీరియడ్‌లో కళ్ళు బరువెక్కాయి, మాట నెమ్మదించింది. మా వారికి తలనొప్పి. అన్నం తిన్న గంటన్నరకే మళ్ళీ ఏదో తినాలనిపించేది. నా తరగతిలో మధ్యాహ్నం పూట నిద్రపోయే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని "రాత్రి సెల్‌ఫోన్ చూశావా?" అని గద్దించే అలవాటు నాకు ఉంది. ఆ వారం గద్దించలేదు.

నేను జీవశాస్త్రం చెప్పే దాన్ని కాబట్టి చివరికి లెక్క వేశాను. మనిషికి రోజుకు సుమారు 1,800 కేలరీలు వచ్చాయి. తక్కువే గానీ ఘోరం కాదు. అయితే అందులో 70 శాతం వరకు ఒక్క అన్నం నుంచి వచ్చింది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార నియమాల ప్రకారం ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం మించకూడదు. కూరగాయలు రోజుకు 400 గ్రాములు తినాలంటే మేం తిన్నది 160. పాలు 300 మిల్లీలీటర్లకు బదులు సున్నా. పండు లేదు. ఎదిగిన మనిషికి రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, మాకు అందులో పావు వంతు కూడా అంది ఉండదు. యాభై దాటిన నాకు ఐదు రోజులు అలా గడిస్తే నష్టం లేదు. పన్నెండేళ్ళ ఆడపిల్లకు ఎముక పెరిగే వయసులో ఏళ్ళ తరబడి అలాగే గడిస్తే ఆ లోటు తర్వాత పూడదు. చూసేవాళ్ళకు మాత్రం ఆ పిల్ల మూడు పూటలా అన్నం తింటున్నట్టే కనిపిస్తుంది. కడుపు నిండిన పిల్లను చూసి మనకు జాలి కలగదు. నా దృష్టిలో చిక్కు అక్కడుంది.

నిబంధనలు రెండుచోట్ల మేం సడలించాం. మొదటిది ఆకుకూర. పెరట్లో కాసినా ఖరీదు కట్టాలి అనేది లండన్‌కు సరిపోతుందేమో. మా వేమూరులో కాలవ గట్టున పొన్నగంటి కూర, పక్కింటి గోడ మీదుగా వంగిన మునగ కొమ్మ, వీటికి ఎవరూ ధర కట్టరు. పేదింటి ఆడవాళ్ళు కూడా కోసుకునేవే. అందుకని మూడో రోజు మునగాకు కోసి పప్పులో వేశాను. వంద గ్రాముల మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. మా సంచిలో ఉన్న వాటన్నిటికంటే విలువైనది డబ్బు పెట్టనిదే. కాకపోతే పొలం గట్ల మీద ఇప్పుడు గడ్డి మందు కొడుతున్నారు. ఎక్కడపడితే అక్కడ ఆకు కోయడానికి భయంగా ఉంటోంది. ఒకప్పటి ఉచిత కూర అలా తరిగిపోతోంది.

రెండోది, నాలుగో రోజు గురువారం తెనాలిలో మా దగ్గర బంధువుల ఇంట వలీమా. పిలిచి పెడితే తినకూడదన్నది నియమం. మన ఊళ్ళలో పెళ్ళికి వెళ్ళి తినకుండా రావడం అంటే గొడవ పెట్టుకున్నట్టే. వెళ్ళాం, తిన్నాం. ఆ రోజు లెక్కలోంచి తీసేసి శనివారం కలిపి ఐదు పూర్తి చేశాం. ఆ బిర్యానీ నాకు మామూలు కంటే ఎక్కువ రుచించిందని ఇక్కడ రాయకపోతే అబద్ధం ఆడినట్టు. మిగిలిన వారిలో ఒకరు రెండో రోజే మానేశారు. ఆయనకు షుగరు ఉన్న సంగతి మాకు చెప్పకుండా చేరారు. కళ్ళు తిరిగాయి. ఇందులో మా తప్పు ఉంది, ముందే అడగాల్సింది.

ఇక వంట చేసే అక్క సంగతి. మా బడిలో పిల్లలకు వండే ఆమె. నెలకు గౌరవ వేతనం 3,000 రూపాయలు. మూడో రోజు బుధవారం నేను టిఫిన్ డబ్బా తెరిస్తే మునగాకు పప్పు చూసి, "ఏంటి టీచరమ్మా, కూర లేదా?" అని అడిగింది. చెప్పాను. ముప్పై రూపాయలు, ఐదు రోజులు, మిగిలింది పిల్లలకు అని. ఆమె వెటకారంగా ఏమీ అనలేదు. కాసేపు ఆలోచించి, "ఇంట్లో ఇద్దరే కదా మీరు. గుడ్డు ఎవరు తింటున్నారు?" అంది.

నేను చెప్పబోయి ఆగిపోయాను. కొన్నవి నాలుగు గుడ్లు. అప్పటికి రెండు అయిపోయాయి, రెండూ మా వారే తిన్నారు. ఆయన అడగలేదు. నేనే పెట్టాను. మగవాడు, బయట తిరుగుతాడు, తలనొప్పిగా ఉంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంఏ చదివి, బీఈడీ చేసి, ఎన్నో ఏళ్ళుగా సమాన పోషణ గురించి పిల్లలకు పాఠం చెప్పే నేను, మూడు రోజులు చేతిలో డబ్బు తగ్గేసరికి మా అమ్మమ్మ చేసినట్టే చేశాను. సంచిలో సరుకు తగ్గిన రోజున ఆ తగ్గుదల ఇంట్లో అందరికీ సమానంగా పడదు. వడ్డించే మనిషికి, ఆమె తర్వాత ఆడపిల్లకు పడుతుంది. మనిషికి సగటున ఇంత అని ప్రభుత్వం కట్టే ఏ గీతలోనూ ఆ సంగతి కనిపించదు. నేనిచ్చిన 1,800 కేలరీల లెక్క కూడా ఇద్దరి సగటే. నాకు అందినది దానికంటే తక్కువ.

"మా ఇంట్లో అయితే నేను ఆఖర్న కూర్చుంటా టీచరమ్మా. గిన్నెలో ఏముంటే అదే" అంది అక్క. తర్వాత, "ఐదు రోజులయ్యాక మీరేం తింటారు?" అని అడిగింది. దానికి ఆమె జవాబేమీ ఆశించలేదు, గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది.

డబ్బు విషయం. తొమ్మిది మంది తిండి ఖర్చులో మిగిలినది 4,860 రూపాయలు. ఐదు రోజుల కష్టానికి ఇంతేనా అనిపించింది. పరిచయస్తులు ఇచ్చినది 13,500. మొత్తం 18,360. అంటే ఇందులో పెద్ద వాటా మనం తినకుండా మిగిల్చినది కాదు. మనం తినడం లేదని తెలిసి ఇతరులు ఇచ్చినది. చెప్పుకోవడం గొప్పలు పోవడం కాదా అని ఇద్దరు ముగ్గురు వెనకాడారు. కుడిచేత్తో ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదనే మన పెంపకం వల్ల ఆ వెనకాట సహజమే. నా అభిప్రాయం ఏమిటంటే, పేరు మనది చెప్పుకోవచ్చు, పుచ్చుకునే పిల్లల పేరు, ఫొటో మాత్రం ఎక్కడా రాకూడదు. ఈ సంచికలో కూడా అందుకే ఫొటో ఇవ్వలేదు.

ఇంకో సంగతి కమిటీలో తేల్చుకున్నాం. ఈ డబ్బు జకాత్ కాదు, సదఖా. జకాత్‌కు అర్హులు ఎవరో నియమం ఉంది. ఫిత్రాకు కొలత ఉంది, మన హనఫీ లెక్కలో గోధుమలైతే సుమారు పావు తక్కువ రెండు కిలోలు. అనారోగ్యంతో రోజా ఉండలేని వారు రోజుకు ఒక పేదకు అన్నం పెట్టే ఫిద్యా ఉంది. వాటి ఖాతాలు అలాగే ఉండాలి. సదఖాకు ఆ హద్దులు లేవు, ఏ మతం పిల్లలకైనా ఖర్చు పెట్టవచ్చు. కాబట్టి వేరే పుస్తకంలో రాశాం.

దేనికి ఖర్చు పెట్టాలి? నోటుపుస్తకాలు అన్నారు కొందరు. తిండి మీద మిగిల్చింది తిండికే పోవాలని నేను పట్టుబట్టాను. బడిలో మధ్యాహ్నం అన్నం ఉంది, గుడ్డు ఉంది, కొన్ని రోజులు రాగిజావ, కొన్ని రోజులు చిక్కీ ఉన్నాయి. ఏమీ లేనిది సాయంత్రం. మన సొసైటీ నడిపే సాయంత్రం ట్యూషన్‌కు 34 మంది పిల్లలు వస్తున్నారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్న అన్నం మీద ఏడు గంటల వరకు కూర్చుంటారు.

వాళ్ళకు ఏం పెట్టాలో వెతుకుతుంటే పాత పాఠ్యపుస్తకంలోని 'హైదరాబాద్ మిక్స్' గుర్తొచ్చింది. బక్కచిక్కిన పిల్లల కోసం చవకగా తయారు చేసుకునే పొడి అది. గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేరుశెనగ గుళ్ళు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములకు 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. గోధుమల్లో తక్కువైనది పప్పులో ఉంటుంది, వేరుశెనగతో కొవ్వు అందుతుంది. గోధుమలు, వేరుశెనగ గుళ్ళు విడివిడిగా దోరగా వేయించి, పప్పుతో కలిపి మర పట్టించి, బెల్లం పాకంలో ఉండ చుడితే రెండు ఉండలు ఒక పిల్లవాడి వంతు. సరుకు ఖర్చు వంతుకు ఆరు రూపాయలు పడింది. మర కూలి, గ్యాసు మేమే పెట్టుకున్నాం. 18,360 రూపాయలకు 3,060 వంతులు, అంటే 34 మందికి 90 రోజులు. అక్టోబరులో మొదలుపెట్టాం. మొదటి వారం పాకం ముదిరి ఉండలు రాళ్ళయ్యాయి, పిల్లలు వాటితో క్రికెట్ ఆడతామన్నారు. ఇప్పుడు మెత్తగానే వస్తున్నాయి.

చేయదలచుకున్న వారికి రెండు మాటలు. షుగరు, బీపీ మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పెద్ద వయసువారు చేరవద్దు, పక్కనుండి డబ్బు ఇవ్వండి. పిల్లల చేత అసలు చేయించవద్దు. ఏదో ఒక బడిలో సేవా కార్యక్రమం కింద చేయిద్దామని ఒక మిత్రురాలు అడిగితే వద్దన్నాను. మా తరగతిలోనే కొందరు పేరు పెట్టకుండా రోజూ చేస్తున్నదే ఇది. వాళ్ళ ముందు మిగతావాళ్ళు ఐదు రోజులు సరదాగా చేసి చప్పట్లు కొట్టించుకుంటే ఆ పిల్లల ముఖం ఎక్కడ పెట్టుకుంటారు?

జనవరిలో సంక్రాంతి సెలవులయ్యాక మళ్ళీ ఐదు రోజులు చేయాలనుకుంటున్నాం. ఈసారి సరుకుల జాబితా నేను రాయలేదు. వంట చేసే అక్కను కూర్చోబెట్టి 300 రూపాయలు చెప్పి అడిగాను. నా జాబితా చూసి ముందు పంచదార, టీ పొడి కొట్టేసింది. సన్న బియ్యం బదులు నూకలు అంది, కిలోకు పద్నాలుగు రూపాయలు తక్కువ. కందిపప్పు సగానికి తగ్గించింది. అలా మిగిలిన డబ్బుతో నిజాంపట్నం నుంచి వచ్చే ఎండు మెత్తళ్ళు వంద గ్రాములు రాయించింది. ముల్లుతో సహా తినేవి కాబట్టి నా కాల్షియం లెక్క ఒక్క దెబ్బతో మారిపోతుంది. గోంగూర రెండు కట్టలు. గుడ్లు నాలుగు కాదు, ఆరు.

"ఆరు ఎందుకు అక్కా?" అన్నాను.

"ఇద్దరికీ మూడేసి" అంది.

జాబితా నా దగ్గరే ఉంది. చేరాలనుకునే వారు డిసెంబరు ఆఖరులోగా సొసైటీ కార్యాలయంలో పేరు ఇస్తే ఒక ప్రతి రాసి ఇస్తాను.